రాణిగారికి మూడేళ్లు నిండకుండానే రిటైర్మెంటు

ఆగస్టు 1, 2025. శుక్రవారం సాయంత్రం. డాలస్ శివార్లలో ఒక కార్డుల షాపు. కౌంటరు మీద నా డెక్కు బోర్లించాను. షాపు కుర్రాడు ప్లాస్టిక్ స్లీవుల్లోంచి ఒక్కో కార్డూ లాగుతూ రెండు కుప్పలు పెట్టడం మొదలెట్టాడు. చాటలో కందిపప్పు పోసుకుని రాళ్లేరినట్టు. మా ఇంట్లో అయితే పప్పెక్కువ, రాళ్లు తక్కువ. ఇక్కడ పప్పు నాలుగు గింజలు. మిగతాదంతా రాళ్లేనట.

"ఈ నాలుగూ తీసుకుంటా. అవన్నీ బల్క్" అన్నాడు.

బల్క్ అంటే తెలుసుగా? కార్డు పేరు అడగరు. మొహం చూడరు. ఏదైనా ఒకటే రేటు. కార్డుకి పది సెంట్లు. పాతపేపర్లవాడైనా కాటా తెచ్చుకుని, రాయి వేసి, రెండు మాటలు బేరమాడి మన మర్యాద కాపాడతాడు. వీడు అదీ లేదు. ఆ కుప్పలో పోయినేడు ఇదే కౌంటరు దగ్గర ఒక్కోటి పన్నెండు డాలర్లు పోసి కొన్నవున్నాయి. చిరిగాయా? లేదు. తడిశాయా? లేదు. మూలైనా నలగలేదు. మరేమొచ్చింది వాటికి?

తేదీ వచ్చింది.

పాలప్యాకెట్టు మీద తేదీ ఉంటుంది. సరే, పాలు విరుగుతాయి. మందుబిళ్ల మీద ఉంటుంది. సరే, వికటిస్తుంది. అట్టముక్కకి తేదీ ఏంటండీ?

దీన్ని రొటేషన్ అంటారు. ఎంత ముద్దుపేరు! భూమి తిరుగుతుంది, తెల్లారేసరికి మళ్లీ అక్కడికే వస్తుంది. గానుగెద్దు తిరుగుతుంది, అదీ అక్కడికే వస్తుంది. ఈ కార్డులు మాత్రం వెళ్లడమే. ఎప్పుడో ఒకటీ అరా మళ్లీ వస్తాయి, కొత్త బొమ్మ వేసుకుని, మళ్లీ మనకే అమ్ముడుపోవడానికి.

ఆ రోజు స్టాండర్డ్ ఫార్మాట్ నుంచి వెళ్లినవాళ్లలో మా రాణిగారు కూడా ఉన్నారు. షియోల్డ్రెడ్. మ్యాజిక్: ద గ్యాదరింగ్ ఆడేవాళ్లకి పరిచయం అక్కర్లేదు. ఆడనివాళ్లకి ఒక్క ముక్క. ఈవిడ బల్లమీద కూర్చుంటే ఎదుటివాడు కార్డు లాగిన ప్రతిసారీ వాడి ప్రాణాల్లోంచి రెండు కోత. మనం లాగిన ప్రతిసారీ మనకి రెండు జమ. ఆట మొదలయ్యేది 20 ప్రాణాలతో. లెక్క మీరే వేసుకోండి. జీతం పడకముందే కోత పెట్టే ఆదాయపు పన్ను శాఖకైనా ఇంత పనితనం ఉందా?

2022 సెప్టెంబరు 9న డొమినేరియా యునైటెడ్ సెట్టుతో పుట్టింది. మూడో పుట్టినరోజుకి ఇంకా నెలపైచిలుకు ఉండగానే ఇంటికి పంపారు. శాలువా లేదు. పూలదండ లేదు. 'మీ సేవలు చిరస్మరణీయం' అని రాసిన ఫ్రేమైనా లేదు. మన మండలాఫీసులో అటెండరు రిటైరైతే ఇంతకన్నా బాగా సాగనంపుతారు. ఫ్రేమూ, లడ్డూలూ, గ్రూపు ఫొటో ఖాయం.

మా తాతగారి పేకదస్తా ఒకటుండేది. జిడ్డు పట్టి అట్టలు వంకర్లు తిరిగిపోయాయి. అందులో ఇస్పేటు రాణి ఆయన హయాంలోనూ రాణే, మా నాన్న హయాంలోనూ రాణే. "ఈ సంక్రాంతి నుంచి ఇస్పేట్లు చెల్లవు, కొత్త కళావర్లు కొనుక్కోండి" అని ఎవడైనా వచ్చి చెబితే? రమ్మీ బల్ల దగ్గర వాడి వీపు చెల్లేదా?

కంపెనీ జవాబు రెడీగా ఉంటుంది. న్యాయంగా అదీ చెప్పుకుందాం. లెక్కల్లో పీహెచ్‌డీ చేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేసిన ఈ ఆట 1993లో వచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే తొలి కార్డులు కొత్తవాళ్లకి అందకుండా పోయాయి. అందుకని 1995 జనవరిలో టైప్ 2 అని పెట్టారు. ఇటీవలి సెట్లతోనే ఆడాలి. అదే ఇప్పటి స్టాండర్డ్. కొత్తగా వచ్చినవాడు తాతల ఆస్తి లేకపోయినా ఆడగలడు. ఆట పాతబడదు. మంచి మాట. నేనూ ఒప్పుకుంటాను. ఏ మంచి మాటనైనా కాసేపు గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి చూడండి, దాని గొంతు ఎలా మారుతుందో! 1999లో ఆటనీ, దాన్ని అచ్చేసే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్‌నీ కలిపి బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొనేసింది. 2022కి ఈ ఆట ఆ కంపెనీలో 100 కోట్ల డాలర్ల మార్కు దాటిన మొదటి బ్రాండు.

ఇక అసలు కామెడీ.

2023 మేలో విజర్డ్స్ వారికి దయ పుట్టింది. 'ఇకపై కార్డుల ఆయుష్షు రెండేళ్లు కాదు, మూడేళ్లు' అని ప్రకటించారు. మీ డెక్కులు ఇంకా ఎక్కువ కాలం మీవే అన్నారు. చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, సిగ్గు లేకుండా. మనవాళ్లకిది కొత్తా? తెలంగాణ 2021లో ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 61కి పెంచింది. ఆంధ్రప్రదేశ్ 2022లో 60 నుంచి 62 చేసింది. వయసు పెంచితే సంతోషించాలా, పెన్షను డబ్బులు మరో రెండేళ్లు వాయిదా పడ్డాయని ఏడవాలా అని ఉద్యోగులు కాసేపు తికమకపడ్డారు. కానీ ఒకటి. ఆ ప్రభుత్వాలు వయసు పెంచిన చేత్తోనే ప్రతి సీటులోకీ ఏడాదికి ఆరుగురు కొత్తవాళ్లని తెచ్చి ఒళ్లో కూర్చోబెట్టలేదు.

వీళ్లు ఆ పనే చేశారు. ఒకప్పుడు స్టాండర్డ్‌లోకి ఏడాదికి నాలుగు సెట్లొచ్చేవి. 2025లో ఆరు. ఫిబ్రవరిలో ఈథర్‌డ్రిఫ్ట్. ఏప్రిల్లో తార్కిర్. జూన్‌లో ఫైనల్ ఫాంటసీ. ఆగస్టులో ఎడ్జ్ ఆఫ్ ఎటర్నిటీస్. సెప్టెంబరులో స్పైడర్‌మ్యాన్. నవంబరులో అవతార్. అవును, స్పైడర్‌మ్యానే. డ్రాగన్ల మీద గోడలు పాకుతూ వచ్చాడు. రెండు నెలలకో కొత్త సెట్టు. వందల కొద్దీ కొత్త కార్డులు. నా డెక్కుకి కాగితం మీద మూడేళ్లు ఆయుష్షుంది. బల్లమీద? ఏప్రిల్లో గెలిచింది జూన్‌లో నవ్వులపాలు. ఆయుష్షు పెంచారు, ఊపిరి తీశారు. దీన్ని ఏ ఆస్పత్రిలోనైనా వైద్యం అంటారా?

మూడేళ్ల మాట తప్పారా? అబ్బే. తప్పలేదు. తప్పకుండా మోసం చేయడం ఎలాగో చూపించారు. అది వేరే విద్య.

ఒక్క సెట్టుకి మాత్రం ఈ బాధలేవీ లేవు. 2024 నవంబరులో వచ్చిన ఫౌండేషన్స్. కనీసం 2029 దాకా చెల్లుతుందని పుట్టినరోజునే రాసిచ్చేశారు. రాజకీయ కుటుంబంలో పుట్టుంటుంది.

సరే, పాతవాటిని పంపేస్తున్నారు. మరి తప్పు చేసిన కొత్తవాటినేం చేస్తున్నారు? ఇక్కడే మీ బీపీ మాత్ర దగ్గర పెట్టుకోండి.

మోడర్న్ అని ఇంకో ఫార్మాట్ ఉంది. 2011లో పెట్టారు. 'ఇది తిరగదు. మీ కార్డులు శాశ్వతం' అన్నారు. స్టాండర్డ్ నుంచి రిటైరైన కార్డులకి వృద్ధాశ్రమం అనుకోండి. ముసలాళ్లు ప్రశాంతంగా కూర్చుని ఆడుకుంటున్నారు. ముసలాళ్లు ప్యాకెట్లు కొనరుగా? గల్లాపెట్టె గలగలలాడదుగా? 2019 జూన్‌లో మోడర్న్ హొరైజన్స్ అనే సెట్టుని స్టాండర్డ్ గుమ్మం తొక్కనీయకుండా నేరుగా ఆ ఆశ్రమంలోకి దింపారు. అందులో హోగాక్ అనే రాక్షసుడొకడు. వచ్చీరాగానే అందరి మంచాలూ తిరగేశాడు. ఫిర్యాదులు పోయాయి. జులైలో తీర్పు వచ్చింది. ఎవరిని నిషేధించారు?

హోగాక్‌ని కాదు. 2007 నాటి బ్రిడ్జ్ ఫ్రం బిలో అనే పాత కార్డుని! పన్నెండేళ్లుగా మూల కూర్చున్న ముసలాయన. నేరం ఏంటయ్యా అంటే, రౌడీ పక్కన నిలబడ్డాడు. అత్త మీద కోపం దుత్త మీద. హోగాక్ ఉన్న సెట్టు షెల్ఫుల మీద తాజాగా అమ్ముడవుతోంది మరి. ముసలాయనని పంపినా గొడవ ఆగలేదు. ఆగస్టు 26న అసలు దొంగని పట్టుకున్నారు. అప్పటికి రెండున్నర నెలలు. కొనాల్సినవాళ్లు కొనేశారు.

అయిదేళ్లు గడిచాయి. బుద్ధొచ్చిందా? 2024 జూన్‌లో మూడో హొరైజన్స్. అందులో నాడూ అనే పక్షి. అదీ అంతే. అదీ ఆగస్టు 26నే నిషేధం. తేదీ కూడా మార్చుకోలేదు మహానుభావులు! తర్వాత దాన్ని తయారుచేసిన డిజైనరే రాశాడు, చివరి నిమిషంలో చేసిన మార్పు తర్వాత ఆ కార్డుతో ఆడి చూడలేదని. ఆయన నిజాయితీకి దండం. కానీ ఉప్పు చూడకుండా వడ్డించిన వంటవాడిని పెళ్లివాళ్లు ఏమంటారు? ఇక్కడ విస్తరికి డబ్బు కూడా మనమే కట్టాం.

ఇక 2025. ఫైనల్ ఫాంటసీ సెట్టు. ఒక్కరోజులో 20 కోట్ల డాలర్ల అమ్మకం అని హాస్‌బ్రో సీఈఓనే చెప్పుకున్నాడు. అందులో వివి అనే బుల్లి మాంత్రికుడు. మొహం కనపడని టోపీ. చూస్తే ముద్దొస్తాడు. బల్లెక్కితే స్టాండర్డ్ మొత్తాన్ని మింగేశాడు. జూన్ 30న పెద్ద నిషేధాల జాబితా విడుదల. ఏడు కార్డులకి ఉద్వాసన. వివి? లేడు. ఆగస్టులో మా రాణిగారి రిటైర్మెంటు. వివి? ఉన్నాడు, కుర్చీ వేసుకుని. నవంబరు 10న నిషేధించారు. పుట్టిన అయిదు నెలలకి. మధ్యలో ఎందుకు ఆగారంటే, టోర్నమెంట్ల సీజన్ నడుస్తోంది, ఆటగాళ్లకి ఇబ్బంది కలగకూడదనట. మా ఇబ్బంది మీద ఎంత శ్రద్ధ! కళ్లు చెమర్చాయి. తుడుచుకుని చూస్తే పర్సు ఖాళీ.

షెల్ఫు మీదున్నంతకాలం దేవత. బిల్లు కొట్టాక కూరలో కరివేపాకు. ఈ ఒక్క సూత్రం పట్టుకోండి, ముప్పయ్యేళ్ల చరిత్ర మొత్తం అర్థమవుతుంది.

కాగితం కార్డుల సంగతి ఇదైతే, తెరమీద ఆడే అరీనా సంగతి చూద్దాం. అక్కడ ఒక కార్డుని నిషేధిస్తే బదులుగా వైల్డ్‌కార్డు ఇస్తారు, నచ్చింది తీసుకోమని. చక్కగా ఉంది. మరి కార్డు బుద్ధిగా మూడేళ్లు పనిచేసి రొటేషన్లో వెళ్తే? ఏమీ ఇవ్వరు. పాతవి ఆడే ఫార్మాట్లకి వెళ్లి ఆడుకోమంటారు. అర్థమైందా? ఆట పాడుచేసినవాడి పేరున పరిహారం. ఒళ్లొంచి పనిచేసినవాడికి టాటా. అమ్ముకుందామంటే తెరమీది బొమ్మని ఎవరికి అమ్ముతాం? కాగితం కార్డుతో కనీసం వానాకాలం పడవ చేసుకోవచ్చు.

మరి పాత కార్డుల మీద కంపెనీకి ప్రేమ లేదా? ఎందుకు లేదు! 1996లో ప్రమాణం చేశారు, ఫలానా పాత కార్డులు మళ్లీ అచ్చేయం అని. 2022లో ముప్పయ్యో వార్షికోత్సవం పేరుతో అదే పాత బొమ్మలు అచ్చేశారు. ప్రమాణం తప్పలేదా? తప్పలేదు. వెనకవైపు అట్ట మార్చారు. టోర్నమెంట్లో చెల్లవని ముందే చెప్పారు. పదిహేనేసి కార్డుల ప్యాకెట్లు నాలుగు. ధర 999 డాలర్లు. వెయ్యంటే మనం అదిరిపోతామని బాటా చెప్పుల షాపు రేటు పెట్టారు. చెల్లని నోటు అచ్చేసిన దొంగ కూడా దాన్ని అసలు నోటు విలువకి మించి అమ్మడు. మరుసటి ఏడు డిసెంబరులో, క్రిస్మస్‌కి రెండు వారాల ముందు, హాస్‌బ్రో 1,100 మందిని ఉద్యోగాల్లోంచి తీసేస్తున్నట్టు ప్రకటించింది. అప్పటికే ఆ ఏడు 800 మందికి కోత. అక్కడ మనుషులకీ ఇదే పద్ధతి.

రొటేషన్ లేని ఆటలు లేవా అంటారు. ఉన్నాయి. కొనామి వారి యు-గి-ఓలో రొటేషన్ లేదు. పాత కార్డు ఎప్పటికీ చెల్లుతుంది. చెల్లి ఏం చేస్తుంది? కొత్త కార్డు దాని నెత్తిన కూర్చుంటుంది. మరీ ఎగిరితే నిషేధాల పట్టీ ఉండనే ఉంది. ఒక కంపెనీ తలుపు చూపిస్తుంది. ఇంకో కంపెనీ ఇంట్లోనే ఉంచి అన్నం పెట్టదు. ఏది నయమో మీరే తేల్చండి, నావల్ల కాదు.

ఇంటికొచ్చాను. బల్క్ కుప్ప అమ్మలేదు. పది సెంట్లకి ఇవ్వబుద్ధి కాలేదు. రాణిగారిని అసలే ఇవ్వలేదు. ఆవిడకి బయట ఇంకా గిరాకీ ఉంది, అదో ఓదార్పు. పెట్టె చూసి మా ఆవిడ అడిగింది, "ఏమండీ, అమ్మేస్తానని పట్టుకెళ్లారుగా?"

"రొటేషన్ అయింది. చెల్లవట."

"ఎవడన్నాడు?"

"అచ్చేసినవాడే."

"నా పెళ్లినాటి కంచిపట్టు చీర పద్నాలుగేళ్లయింది. మొన్న మా పిన్ని కూతురి పెళ్లికి కట్టుకున్నాను. నేసినవాడు వచ్చి చెల్లదంటే ఊరుకుంటానా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. కంపెనీ దగ్గరుందేమో అడగాలి. అడిగితే ప్రతి చీరకీ మూడేళ్ల ఆయుష్షు పెట్టి, రెండు నెలలకో కొత్త అంచు తెస్తారు. ఎందుకొచ్చిన గొడవ!

మావాడికి పదకొండేళ్లు. వాడిది పోకెమాన్. అక్కడ పద్ధతి ఇంకా శుభ్రంగా ఉంటుంది. ప్రతి కార్డు అడుగున, ఎడమ మూలన చిన్న గడిలో ఒక ఇంగ్లీషు అక్షరం. చీమ తలకాయంత. నా వయసువాళ్లకి అద్దాలు కావాలి. ఏ ఏడు ఏ అక్షరానికి నూకలు చెల్లాయో కంపెనీ చెబుతుంది. అంటే పుట్టినప్పుడే నుదుట గీత గీసి పంపుతారన్నమాట. 2024 ఏప్రిల్లో 'ఈ' పోయింది. 2025 ఏప్రిల్ 11న 'ఎఫ్' పోయింది. మావాడి లూజియా వీస్టార్ ఎఫ్. వాడి గ్రెనింజా ఎఫ్. ఆర్కియోప్స్ ఎఫ్. ఇంటిపని చేసి, చుట్టుపక్కల గడ్డి కోసి, అయిదూ పదీ కూడబెట్టి కట్టుకున్న డెక్కు. సగానికి సగం ఎఫ్.

వాడికా రోజు ఎలా చెప్పాలో తెలియలేదు. భూతద్దం ఇచ్చి మూలన చూడమన్నాను. చాలాసేపు చూశాడు.

"ఎఫ్ అంటే ఫెయిలా నాన్నా?"

"కాదురా. అది వరస. ఈ తర్వాత ఎఫ్, ఎఫ్ తర్వాత జీ."

"మరి ఇది నన్ను అన్ని మ్యాచుల్లో గెలిపించిందిగా?"

గెలిపించింది కాబట్టే కదరా అనబోయి ఆగాను. ఏం చెప్పమంటారు? ఓడిన కార్డుని ఎవడూ తీసేయక్కర్లేదని చెప్పనా? గెలిచే కార్డు చేతిలో ఉంటే కొత్త ప్యాకెట్టు కొనవని చెప్పనా? పదకొండేళ్లకే వాడికి బ్యాలెన్సు షీటు చదవడం నేర్పనా?

అదంతా ఏప్రిల్ సంగతి. ఆగస్టులో నేను షాపు నుంచి పెట్టె మోసుకొచ్చిన రాత్రి, పక్కన కూర్చుని నా బల్క్ కుప్ప తిరగేశాడు. నావాటికి అక్షరాలు లేవేంటని అడిగాడు. మాకు అక్షరాలుండవు, నోటీసులొస్తాయన్నాను. కాసేపటికి లేచి లోపలికెళ్లి తన డబ్బా తెచ్చుకున్నాడు. లూజియాని స్లీవులోంచి బయటికి తీశాడు. నల్ల స్కెచ్ పెన్ను మూత నోటితో లాగి, నాలుక బయటపెట్టి, భూతద్దం కింద ఏదో గీశాడు. నా చేతిలో పెట్టాడు.

ఎఫ్ పక్కన నిలువుగా ఒక గీత. వంకరగానే ఉంది. అయినా ఇప్పుడది ఎఫ్ కాదు, ఏ.

"టోర్నమెంట్లో జడ్జి చూస్తాడంటావా నాన్నా?"

నేను అద్దాలు తీసి బల్లమీద పెట్టాను.

"ఏదీ? నాకేం కనపడటం లేదే" అన్నాను.